బ్రెడ్‌లో కలిపే ఆ తెల్ల పొడి గురించి మీ అత్తగారికి ఏం చెప్పాలి?

ప్రొద్దుటూరు నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు.

"అక్కా, ఎనిమిది నెలలుగా ఇంట్లోనే బ్రెడ్డు, బన్ను చేసి అమ్ముతున్నాను. మా వీధిలో వాళ్లు కొంటారు, ఐదారు అంగళ్లకు కూడా వేస్తాను. ఎండలు ముదిరినప్పటి నుంచి మూడో రోజుకే బూజు పడుతోంది. రెండుసార్లయితే పైన బాగానే ఉంది గానీ, కోస్తే లోపల బంకబంకగా ఉండి, ఏదో బాగా మగ్గిన పండు వాసన వచ్చింది. మూడు అంగళ్ల వాళ్లు సరుకు వెనక్కి పంపారు. బేకరీ సామాను అమ్మే అంగడాయన 'కాల్షియం ప్రొపియోనేట్ కొంచెం వేయమ్మా, వారం నిలబడుతుంది' అని అర కిలో కవర్లో కట్టి ఇచ్చాడు. కవరు మీద ఏమీ రాసి లేదు. మా అత్త అది చూసి 'కాల్షియం అంటే మామిడికాయలు మాగేసే మందు కదా, తిండిలో కలుపుతావా' అని గొడవ పెట్టుకుంది. మా ఆయనేమో కాల్షియం ఎముకలకు మంచిదే కదా అంటాడు. మా ఐదేళ్ల బాబు రోజూ పొద్దున ఈ బ్రెడ్డే తింటాడు. ఇది వేయొచ్చా? వేస్తే ఎంత? ఊరగాయల్లో కూడా పనికొస్తుందా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు."

చెల్లీ, ముందుగా ఆ అర కిలో కవరు తీసి పక్కన పెట్టేయండి. ఆ పొడి విషమని కాదు. అందులో ఉన్నది ఏమిటో మీకు గానీ నాకు గానీ తెలియదు కాబట్టి. కవరు మీద పేరు లేదు, బ్యాచ్ నంబరు లేదు, గడువు తేదీ లేదు. వంటసోడా, పటిక పొడి, కాల్షియం ప్రొపియోనేట్ మూడూ పక్కపక్కన పోస్తే కంటికి తెల్లగానే కనిపిస్తాయి. పైగా ఈ ప్రొపియోనేట్‌నే పశువుల దాణాలో కలపడానికి కూడా తయారు చేస్తారు. ఆ రకం ధర తక్కువ, దాని శుద్ధి మనుషుల తిండికి తగినంత ఉండాలని లేదు. అంగడాయన మంచివాడే కావచ్చు, పెద్ద బస్తాలోంచి తీసి కట్టి ఇచ్చి ఉండవచ్చు. అయినా ఇంకొకరి బిడ్డ నోట్లోకి వెళ్లే తిండిలో పేరు లేని పొడి వేయకూడదు. 'ఫుడ్ గ్రేడ్' అని రాసి, తయారీదారు చిరునామా, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (మన దేశ ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరు, ఈ పదార్థానికి అంతర్జాతీయంగా ఇచ్చిన ఐఎన్ఎస్ 282 అనే గుర్తు ఉన్న సీల్ ప్యాకెట్ అడగండి. లేదంటే ఇంకో అంగడిలో చూడండి.

ఇక మీ అత్తగారి మాట. ఆమె భయం ఊరికే పుట్టలేదు. కార్బైడ్ పెట్టి మాగేసిన మామిడికాయల గురించి మన జిల్లాలో ప్రతి ఎండాకాలం వింటూనే ఉంటాం. దాని పూర్తి పేరు కాల్షియం కార్బైడ్. దానికి తేమ తగిలితే ఎసిటిలీన్ అనే వాయువు పుడుతుంది, వెల్డింగ్ అంగళ్లలో మండించేది ఆ వాయువునే. మార్కెట్లో దొరికే కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ సమ్మేళనాలు కొద్ది కొద్దిగా ఉంటాయి, అసలు ప్రమాదం అక్కడే. పండ్లు మాగేయడానికి దాన్ని వాడటం మన దేశంలో నిషేధం. ఆహార భద్రత చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనల్లో ఆ మాట స్పష్టంగా ఉంది. కాబట్టి ఆమె జాగ్రత్త సరైనదే, పొరబడింది పేరు దగ్గర మాత్రమే.

కాల్షియం అన్నది ఇంటిపేరు లాంటిది. ఆ ఇంటిపేరున్న వాళ్లంతా ఒకే గుణంతో ఉండరు కదా. మీ ఇంట్లో నేల మీద పరిచిన కడప బండలో ఉన్నది ఎక్కువగా కాల్షియం కార్బొనేటే. మీ అత్తగారు ఆకు వక్కలో రాసుకునే సున్నం కాల్షియం హైడ్రాక్సైడ్. పాలలో, రాగుల్లో, మన ఎముకల్లో ఉన్నదీ కాల్షియమే. కార్బైడ్ కూడా ఆ కుటుంబంలోదే. దేనికి అతుక్కుని ఉంది అన్నదాన్ని బట్టి ఒకటి బండ అవుతుంది, ఒకటి తిండి అవుతుంది, ఒకటి దగ్గరికి రానివ్వకూడనిది అవుతుంది. ఈ మాట ఆమెకు నెమ్మదిగా చెప్పండి. ఆకు వక్కలో సున్నం ఎక్కువైతే నోరు పొక్కుతుందని ఆమెకు మనకంటే బాగా తెలుసు. మోతాదు సంగతి ఆమెకు వేరే వివరించక్కర్లేదు.

మీ పొడిలో కాల్షియం అతుక్కుని ఉన్నది ప్రొపియోనిక్ ఆమ్లానికి. ఇదేదో ఫ్యాక్టరీలో కొత్తగా పుట్టించిన పదార్థం కాదు. మనం తిన్న పీచుపదార్థాన్ని పేగుల్లోని సూక్ష్మజీవులు పులియబెట్టినప్పుడు రోజూ మన కడుపులోనే కొంత తయారవుతుంది. పెద్ద పెద్ద రంధ్రాలుండే స్విస్ చీజ్‌లో సహజంగానే ఉంటుంది, దాని ఘాటు రుచికి ఇదొక కారణం. గేదె నెమరు వేస్తున్నప్పుడు దాని పొట్టలో పుట్టే ఆమ్లాల్లో ఇది ముఖ్యమైనది. గడ్డి తిన్న గేదె తన ఒంటికి కావలసిన గ్లూకోజును ఎక్కువ భాగం దీని నుంచే చేసుకుంటుంది. ఈనిన తర్వాత కాల్షియం పడిపోయి పాల జ్వరం వచ్చే పశువులకు కాల్షియం ప్రొపియోనేట్ తాగించడం కూడా ఉంది. మన ఒంట్లోకి వెళ్లాక ఇది మిగతా కొవ్వు ఆమ్లాల లాగే శక్తిగా మారిపోతుంది, పేరుకుపోయి కూర్చోదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) కలిసి నడిపే నిపుణుల సంఘం 1973లోనే దీనికి రోజువారీ గరిష్ఠ పరిమితి అంటూ పెట్టనక్కర్లేదని తేల్చింది. 2014లో యూరప్ ఆహార భద్రత సంస్థ మళ్లీ మొత్తం తిరగేసి చూసి, అనుమతించిన మోతాదుల్లో ఆందోళన పడే పని లేదని చెప్పింది.

అయితే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది పొడి కాదు. మీ బ్రెడ్ రెండు రకాలుగా పాడవుతోంది. రెండూ వేరు వేరు జబ్బులు.

ఒకటి బూజు. బూజు విత్తనాలు ఓవెన్ వేడికి బతకవు. కాల్చిన బ్రెడ్ ఓవెన్‌లోంచి బయటికి వచ్చేటప్పుడు శుభ్రంగానే ఉంటుంది. ఆ తర్వాత చల్లారేటప్పుడు, కోసేటప్పుడు, కవర్లో వేసేటప్పుడు గాలిలోంచి, కత్తి మీద నుంచి, చేతుల మీద నుంచి బూజు అంటుకుంటుంది. వేడిగా ఉండగానే ప్యాక్ చేస్తే కవరు లోపల ఆవిరి చెమట పడుతుంది, బూజుకు అంతకంటే ఏం కావాలి? అంగడికి త్వరగా పంపాలన్న తొందరలో గంటకే ప్యాక్ చేస్తున్నారేమో చూసుకోండి. టిన్‌లోంచి తీసి, కింద గాలి ఆడేలా తీగల స్టాండు మీద పెట్టి, మధ్య భాగం పూర్తిగా చల్లారేదాకా ఆగాలి. రెండు మూడు గంటలు పడుతుంది. ఆ గదిలో ఆ సమయంలో ఊడ్చకండి, పిండి జల్లెడ పట్టకండి, దుమ్ము పట్టిన ఫ్యాన్ వేయకండి. కత్తిని మరిగే నీళ్లలో ముంచి, తుడిచి, ఆరనిచ్చి వాడండి.

ఇంకొకటి అడుగుతాను. అంగళ్ల వాళ్లు వెనక్కి పంపిన బూజు బ్రెడ్‌ను ఎక్కడ పెడుతున్నారు? వంటింట్లోకి తెచ్చి, కవరు విప్పి చూసి, ఆ తర్వాత పారేస్తున్నారంటే అక్కడే తప్పు జరుగుతోంది. ఒక్క బూజు పట్టిన ముక్కను కదిలిస్తే లక్షల విత్తనాలు గాలిలో లేస్తాయి, రేపటి బ్రెడ్ మీద వాలతాయి. వెనక్కి వచ్చిన సరుకు ఇంటి గడప దాటి లోపలికి రాకూడదు. బయటే, కవరు విప్పకుండానే పారేయండి. గేదెకో కోళ్లకో వేయొద్దు. బూజు గీరేసి మిగతాది ఇంట్లో వాళ్లు తినడం కూడా వద్దు. పైన కనిపించే మచ్చ చిన్నదైనా దాని పోగులు మెత్తటి బ్రెడ్ లోపలికి దిగి ఉంటాయి, కొన్ని రకాల బూజు విషాలను కూడా తయారు చేస్తుంది. వేరుశనగ పండించే మన సీమ వాళ్లకు అఫ్లాటాక్సిన్ అనే మాట కొత్త కాదు, అదీ ఒక బూజు వదిలే విషమే. నిలవ ఉంచే పొడికి భయపడి బూజును తేలిగ్గా తీసుకోవడం మాత్రం తగదు.

రెండోది ఆ బంక, ఆ పండు వాసన. బేకరీ వాళ్లు దాన్ని రోప్ అంటారు. ముక్కను చించితే సాలెపోగుల్లా తీగలు సాగుతాయి. బాగా మగ్గిన ఖర్బూజా వాసన వస్తుంది. అది బూజు కాదు, బాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియా పని. అది పిండితో పాటే వస్తుంది. దాని విత్తనాలు మొండివి, కాలుతున్న బ్రెడ్ మధ్యలో ఉండే వేడికి కూడా చావవు. చల్లారిన తర్వాత 35, 40 డిగ్రీల వేడి దొరికిందంటే విజృంభిస్తాయి. మే నెలలో మన ఇళ్లలో ఉండే వేడి సరిగ్గా అదే. అందుకే చలికాలంలో మీకు ఈ బాధ లేదు. దీనికి ఆ బస్తా పిండి మార్చడం, పాత్రలన్నీ వేడినీళ్లతో కడిగి వెనిగర్ కలిపిన నీళ్లతో తుడవడం, బ్రెడ్ లోపలి దాకా బాగా కాలనివ్వడం, మిగిలిపోయిన పాత బ్రెడ్‌ను కొత్త పిండిలో కలపకపోవడం అవసరం. ఈ బ్యాక్టీరియాకు పులుపు పడదు. కిలో మైదాకు రెండు మూడు చెంచాల వెనిగర్ పిండిలోనే కలిపితే రుచిలో పెద్దగా తెలియదు, రోప్ మాత్రం బాగా తగ్గుతుంది.

ఈ పనులన్నీ చేశాక కాల్షియం ప్రొపియోనేట్ సంగతి. అది బూజును, రోప్ బ్యాక్టీరియాను రెండింటినీ ఎదగనివ్వదు. అలాగని ఈస్ట్‌ను అంతగా బాధపెట్టదు, అందుకే బ్రెడ్‌కు దాన్నే ఎంచుకున్నారు. అయితే అది చంపే మందు కాదు, ఎదుగుదలను ఆపి ఉంచుతుంది అంతే. మురికి కత్తితో కోసి, వేడిగా ప్యాక్ చేసి, పొడి వేశాను కదా అనుకుంటే అది మిమ్మల్ని కాపాడదు. బ్రెడ్ గట్టిపడటాన్ని కూడా ఆపదు. గట్టిపడటం పిండిలోని స్టార్చ్ వల్ల జరిగేది, దానికీ బూజుకూ సంబంధం లేదు. ఫ్రిజ్‌లో పెడితే బూజు ఆలస్యమవుతుంది గానీ బ్రెడ్ ఇంకా త్వరగా గట్టిపడుతుంది.

ఎంత వేయాలంటే, కిలో మైదాకు 2 గ్రాములతో మొదలుపెట్టండి. 3 గ్రాములు దాటించే అవసరం మీకు రాదని నా అభిప్రాయం. మన దేశంలో బ్రెడ్‌కు పెట్టిన పరిమితి 5000 పీపీఎం, అంటే కిలోకు 5 గ్రాములు. పరిమితి ఉంది కదా అని అక్కడిదాకా వెళ్లక్కర్లేదు. ఎక్కువైతే ఈస్ట్ మందగించి పిండి సరిగా పొంగదు, తిన్నాక నాలుక మీద చీజ్ లాంటి ఘాటు మిగులుతుంది. చెంచాతో కొలవకండి. ఒకరి చెంచాకూ ఇంకొకరి చెంచాకూ, తల కొట్టిన చెంచాకూ గుట్టగా తీసినదానికీ చాలా తేడా. బంగారం అంగళ్ల ఊరు మీది, గ్రాములో పదో వంతు చూపించే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు దొరకడం కష్టం కాదు. తూచిన పొడిని పొడి మైదాలో వేసి రెండుసార్లు జల్లించి, ఆ తర్వాత ఈస్ట్ నీళ్లు పోయండి. పొడిని నేరుగా ఈస్ట్ మీద వేయొద్దు. పొంగడానికి మామూలు కంటే కొంచెం ఎక్కువసేపు పడితే కంగారు పడకండి.

కేకులకు మాత్రం ఇది వాడొద్దు. ఈ పొడి కాస్త పులుపున్న చోటే బాగా పనిచేస్తుంది, ఈస్ట్‌తో పొంగిన బ్రెడ్‌లో ఆ పులుపు ఉంటుంది, సోడా వేసిన కేకులో ఉండదు. అందులోని కాల్షియం బేకింగ్ పౌడర్ పనిని కూడా చెడగొడుతుంది. ఊరగాయలకూ వద్దు. ఊరగాయను కాపాడేది ఉప్పు, నూనె, పులుపు, తడి తగలని చెయ్యి. చట్టం కూడా ఒక్కో నిలవ పదార్థాన్ని ఒక్కో రకం తిండికి విడివిడిగా అనుమతిస్తుంది. బ్రెడ్‌కు సరే అన్నది అన్నింటికీ సరే అని కాదు.

బాబు విషయానికి వస్తాను. కిలో మైదాకు 3 గ్రాములు వేసినా, రెండు ముక్కల బ్రెడ్‌లో అతనికి చేరేది గ్రాములో పదో వంతు దగ్గర. దానివల్ల అతనికి హాని జరుగుతుందని నేను అనుకోను. కానీ మీరు నమ్మి అడిగారు కాబట్టి రెండు అధ్యయనాల సంగతి కూడా చెప్పాలి. 2002లో ఆస్ట్రేలియాలో 27 మంది పిల్లల మీద చేసిన ఒక పరిశీలనలో, ఈ పదార్థం ఉన్న బ్రెడ్ రోజూ తిన్నప్పుడు కొందరిలో చిరాకు, నిలకడ లేకపోవడం, నిద్ర సరిగా పట్టకపోవడం కనిపించాయని రాశారు. 2019లో అమెరికాలో హార్వర్డ్ వాళ్లతో సహా కొందరు శాస్త్రవేత్తలు 14 మంది ఆరోగ్యవంతులకు ఒకేసారి 1 గ్రాము ఇచ్చి చూశారు. రక్తంలో చక్కెరను పెంచే కొన్ని హార్మోన్లు కాసేపు పెరిగాయి. 1 గ్రాము అంటే మీ 400 గ్రాముల బ్రెడ్ మొత్తం ఒకేసారి తిన్నా అందనంత. రెండూ చిన్న అధ్యయనాలే, వాటితో తీర్పు చెప్పలేం, అలాగని దాచిపెట్టాల్సిన పనీ లేదు. బ్రెడ్ తిన్న రోజుల్లో బాబు మరీ చిరాగ్గా ఉంటున్నాడని మీకు అనిపిస్తే రెండు వారాలు పొడి లేనిది పెట్టి చూడండి. తల్లి కంటికి తేడా తెలుస్తుంది. ప్రొపియోనిక్ అసిడీమియా అనే అరుదైన పుట్టుకతో వచ్చే జబ్బున్న పిల్లలు మాత్రం దీనికి దూరంగా ఉండాలి, ఆ సంగతి వాళ్ల డాక్టరే చెప్పి ఉంటారు.

నా బాధ వేరే ఉంది. ఐదేళ్ల పిల్లాడు ప్రతి పొద్దునా మైదా బ్రెడ్డే తింటున్నాడు. అది పొడి వేసినదైనా వేయనిదైనా నాకు నచ్చలేదు. మీ ఆయన అన్న ఎముకల బలం ఆ పొడిలో రాదు. కాల్షియం ప్రొపియోనేట్‌లో కాల్షియం ఐదో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. రెండు ముక్కల్లో అది 20 మిల్లీగ్రాముల చిల్లర. వంద గ్రాముల రాగిపిండిలో దాదాపు 350 మిల్లీగ్రాములు ఉంది. మన సీమలో పుట్టిన పిల్లాడికి కాల్షియం కోసం బేకరీ పొడి వైపు చూడాల్సిన అవసరం ఏముంది? వారానికి మూడు నాలుగు పూటలు రాగి సంగటో, రాగి జావో పెట్టండి. అత్తగారికి ఆ బాధ్యత అప్పగిస్తే ఆమె సంతోషంగా చేస్తారనుకుంటాను.

బేకరీ సామాను కొనేటప్పుడు మీరు నిజంగా భయపడాల్సిన పేరు ఇంకొకటి ఉంది: పొటాషియం బ్రోమేట్. పిండి బాగా పొంగడానికి ఒకప్పుడు బ్రెడ్‌లో వేసేవారు. క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న వాటిలో దాన్ని చేర్చారు, మన దేశంలో 2016లో ఆహారంలో వాడకాన్ని నిషేధించారు. 'ఇంప్రూవర్' అని పేరు లేని ప్యాకెట్ ఎవరైనా ఇస్తే తీసుకోకండి. పేరున్న ప్యాకెట్‌లోనైనా పదార్థాల జాబితా చదవండి, బ్రోమేట్ గుర్తు అయిన 924 అన్న అంకె కనిపిస్తే వెనక్కి ఇచ్చేయండి.

మీ వ్యాపారానికి నేను చెప్పేది ఇది. మీ వీధిలో అమ్మే బ్రెడ్ పొద్దున చేసింది మర్నాటికి అయిపోతుంది కదా, దానికి ఏ పొడీ అక్కర్లేదు. వెనిగర్, శుభ్రత చాలు. అంగళ్లకు వేసేదానికి, అదీ ఎండాకాలంలోను వానాకాలంలోను, 2 గ్రాముల లెక్కన వేయండి. వేసినప్పుడు ప్యాకెట్ మీద తప్పకుండా రాయాలి: పదార్థాల జాబితాలో 'ప్రిజర్వేటివ్ ఐఎన్ఎస్ 282' అని. తయారు చేసిన తేదీ, గడువు తేదీ, మీ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ నంబరు కూడా ఉండాలి. రిజిస్ట్రేషన్ ఇంకా తీసుకోకపోతే ఈ వారమే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టండి, ఇంటి నుంచి అమ్మే చిన్న వ్యాపారానికి కూడా అది తప్పనిసరి. అలా రాస్తే కొనరేమోనని చాలామంది వెనకాడతారు. తెలిసి కొన్నవాళ్లు మళ్లీ వస్తారు, దాచిన సంగతి తర్వాత తెలిసినవాళ్లు రారు. అంగళ్ల వాళ్లకు మాత్రం వారం నిలబడుతుందని మాట ఇవ్వకండి. మన ఎండల్లో నాలుగు రోజులని రాసి, ఐదో రోజుకు మిగిలింది మీరే తీసేయించండి.

ఎన్ని రోజులన్నది నా మాట మీద కూడా నమ్మొద్దు, మీ వంటింట్లోనే చూడండి. సీల్ ప్యాకెట్ తెచ్చిన రోజు ఒకే పిండితో మూడు చిన్న బ్రెడ్‌లు చేయండి. ఒకదాంట్లో ఏమీ వేయకండి, ఒకదాంట్లో వెనిగర్ మాత్రమే, ఒకదాంట్లో కిలోకు 2 గ్రాముల లెక్కన పొడి. మూడింటినీ పూర్తిగా చల్లార్చి, పారదర్శకంగా ఉండే కవర్లలో పెట్టి, పేర్లు రాసి, అంగట్లో ఎంత వేడి ఉంటుందో అంతే వేడి ఉన్న అల్మారాలో ఉంచండి. కవర్లు విప్పకుండా రోజూ పొద్దున అత్తగారినే చూడమనండి. దేని మీద ఏ రోజు మచ్చ కనిపించిందో గోడ క్యాలెండర్ మీద ఆ తేదీ దగ్గర రాసి పెట్టమనండి. గడువు తేదీ ఎంత వేయాలో మీకు అక్కడే దొరుకుతుంది.